ఎర్ర గుడ్డలో బాపు కాయ

మా అక్క వచ్చిందన్న సంగతి నాకంటే ముందు మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ వాళ్ళకు తెలుస్తుంది. పేరు చెప్పండి, ఫ్లాట్ నంబరు చెప్పండి, ఫోనుకు వచ్చిన కోడ్ చెప్పండి అని వాళ్ళు వరసగా అడుగుతారు. అక్క ఆ మూడూ చెప్పకుండా, ఈ గేటున్న చోట తాను మేకలు కాసిన రోజుల దగ్గర మొదలుపెడుతుంది. వెనక కార్లు హారన్లు కొడుతుంటాయి. చివరికి నేనే తొమ్మిది అంతస్తులు దిగి ఆమెను విడిపించుకు రావాలి. ఈసారి చందానగర్‌లో ఆమె ఇంటికి రంగులు వేస్తున్నారు. ఆ వాసన పడక, వారం రోజులు మా దగ్గర ఉందామని ఒక చేతిసంచిలో బట్టలూ ఒక గంపలో సీతాఫలాలూ పెట్టుకుని ఆటో దిగింది. నేను కిందికి వెళ్ళేసరికి సెక్యూరిటీ ఆయన గంప పట్టుకుని నిలబడి, కాయ ఎట్లా మాగబెట్టాలో ఆమె చెబుతుంటే బుద్ధిగా వింటున్నాడు. డెబ్బై ఏళ్ళ మా అక్క నోరు తెరిస్తే ఎవరైనా బుద్ధిగా వినాల్సిందే. శనివారాలు ఒక్కపొద్దు ఉంటుంది, ఆ ఒక్కరోజే గొంతు కాస్త తగ్గుతుంది. ఆ ఉపవాసం ఎందుకో, ఏ దేవుడికో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా బావ అడిగీ అడిగీ ఊరుకున్నాడు.

కొండాపూర్‌లో మేముండే ఈ ఫ్లాటు మావాడిది. ముప్పై ఏళ్ళు బడిపంతులుగా పనిచేసి, ఎప్పుడూ నిజమే పలకాలని పిల్లల చేత నోటుబుక్కుల నిండా రాయించి, రిటైరై ఇక్కడ చేరాను. మా ఆవిడ పుణేలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి నెలైంది. మావాడు ఆఫీసులోనైనా ఉంటాడు, లేదా ఇంట్లోనే చెవులకు తగిలించుకుని ఆఫీసుతో మాట్లాడుతూ ఉంటాడు. కోడలు స్వాతి కాకినాడ పిల్ల, ఆమెదీ అదే ఉద్యోగం. ఎనిమిదేళ్ళ మనవరాలు మేధకు సాయంత్రాలు నేనే దిక్కు. ఫ్రిజ్ తలుపు మీద స్వాతి అంటించిన కాగితంలో మా అందరి వారమూ గళ్ళుగళ్ళుగా ఉంటుంది. ఆదివారం ఐదు నుంచి ఆరున్నర దాకా ఫ్యామిలీ టైమ్. చిన్నప్పటి జ్ఞాపకాలు పిల్లలకు మనమే ఇవ్వాలండీ మామయ్యగారూ అంటుంది. పాలు తోడేసినట్టు ఐదింటికి తోడేస్తే ఆరున్నరకు జ్ఞాపకం గడ్డకడుతుందా అని నేను ఏడిపిస్తుంటాను. ఆమె నవ్వి, నన్ను కూడా ఆ గడిలోకి లాగి ఫొటో తీస్తుంది. మంచి పిల్ల.

అక్క తెచ్చిన కాయలన్నీ పచ్చివి. ఫ్రిజ్‌లో పెడదామా పెద్దమ్మగారూ అని స్వాతి అడిగేసరికి అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. నేరుగా వంటగదిలోకి నడిచి బియ్యం డబ్బా మూత తీసింది. మీట నొక్కితే కింద గ్లాసులోకి సరిగ్గా ఇంతని బియ్యం రాలే ప్లాస్టిక్ డబ్బా అది, స్వాతికి ప్రాణం. అందులో పన్నెండు సీతాఫలాలు ఒక్కొక్కటిగా పూడ్చింది అక్క. మర్నాడు పొద్దున స్వాతి ఎంత నొక్కినా డబ్బా మూలిగిందే గాని ఒక్క గింజ రాల్చలేదు. ఆ వారమంతా మా ఇంట్లో బియ్యం చేటతోనే తీశారు. మేధకు ఇదంతా పండగ్గా ఉంది. కాయల్ని బియ్యంలో ఎందుకు దాచారు, ఎవరైనా దొంగిలిస్తారా అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయే నేను బోనులో పడ్డాను.

ఇప్పుడు గాజు అద్దాల ఆఫీసులు లేచిన చోట అప్పుడు బండలుండేవి. ఇల్లంత బండలు, బండ మీద బండ, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. మా బాపు ఆ బండలు కొట్టే పనివాడు. ఒంటి మీద ఎప్పుడూ రాతి పొడి, పేలుడు మందు వాసన, బీడీ వాసన కలిసి ఉండేవి. వారంలో ఒక్కరోజే ఆయనకు పని ఉండదు. వానలు తగ్గాక వచ్చే ఆ సెలవు రోజుల్లో అమ్మ, బాపు, అక్క, నేను కొక్కెం కర్రలు పట్టుకుని పొద్దున్నే బండలెక్కేవాళ్ళం. ఆరు రోజులు బండల్ని పగలగొట్టిన మనిషి ఏడో రోజు వాటిని మాకు చుట్టాల్లాగా పరిచయం చేసేవాడు. ఒకటి ఏనుగు బండ, ఒకటి మంచం బండ, ఒకటి అచ్చంగా మా మేనత్త కూర్చున్నట్టుందని అత్తమ్మ బండ. నేను అలిసిపోయానని అబద్ధమాడి ఆయన భుజాలెక్కేవాణ్ణి. అలసట అబద్ధమని ఆయనకు తెలుసు, అయినా దించేవాడు కాదు.

తెచ్చిన గంప ఇంట్లో మా నాయనమ్మ ముందు దించాలి. అక్కడినుంచి రాజ్యం ఆమెది. కాయ మీది గుబ్బల మధ్య సందులు తెల్లబడి విచ్చుకుంటే కాయ కండ్లు తెరిచిందని అర్థం. కండ్లు తెరవని కాయను తెంపితే అది మాగదు, నల్లబడి గట్టిపడుతుంది. అలాంటిది తెచ్చినవాడికి తిట్లు. కండ్లు తెరిచినవన్నీ జొన్నల గోలెంలో పూడ్చేది. గోలెం అంటే నా ఎత్తున్న మట్టి కాగు. రోజూ అందులో చెయ్యి పెట్టి తడిమే అధికారం నాయనమ్మకే ఉంది. ఊరికే ఒత్తితే కాయ చెడుతుందని ఆమె శాసనం. మూత తీయగానే జొన్నల వాసన, మాగే పండు వాసన, ఆమె వేళ్ళకున్న నశ్యం వాసన కలిసి ఇల్లంతా వచ్చేవి. ఇంకో శాసనం కూడా ఉండేది. ఎవరు ఏ పండు తిన్నా గింజలు ఒకే ఒక్క సత్తు గిన్నెలో ఉమ్మాలి. వాటిని ఎండబెట్టి, దంచి, నూనెలో కలిపి అక్క తలకు పేలమందు పట్టించేది. పేల సంగతి ఎలా ఉన్నా, గింజలు లేకుండా పండు తినలేం కాబట్టి ఆ గిన్నె మాకు పోలీస్ స్టేషన్ లాంటిది.

ప్రతి విడతలోనూ అన్నిటికంటే పెద్ద కాయను ఎర్ర గుడ్డలో చుట్టి గోలెంలో లోతుగా పూడ్చేవారు. అది బాపు కాయ. అది మాగిన సాయంత్రం బాపు పని నుంచి వచ్చి, స్నానం చేసి, గడప పక్కన అరుగు మీద కూర్చునేవాడు. ఒకవైపు నేను, ఒకవైపు అక్క. పండును రెండు చిప్పలుగా విప్పి, అక్కకొక తొన, నాకొక తొన, మళ్ళీ అక్కకు, మళ్ళీ నాకు ఇచ్చుకుంటూ, ఆ రోజు ఏ బండ ఎట్లా పగిలిందో చెప్పేవాడు. గుజ్జంతా అయిపోయాక రెండు తొక్కలు మిగిలేవి. అప్పుడు ఆయన మాకు వీపు పెట్టి కూర్చుని, బండలు కొట్టీ కొట్టీ మొద్దుబారిన బొటనవేలి గోరుతో ఆ తొక్కల్ని గీకి నాకేవాడు. మాకూ కావాలని వెనకనుంచి గుంజితే, "అసల్ మజా తొక్కలనే ఉంటది. మీకిప్పుడే తెల్వది" అనేవాడు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మా బాపు మంచివాడేగాని తిండి దగ్గర స్వార్థపరుడని నాకు నమ్మకం కుదిరింది. లొట్టలు వేస్తూ అంతసేపు గీకుతున్నాడంటే అందులో ఏదో ఉంది. ఒక మధ్యాహ్నం అమ్మ చేనుకు పోయింది, నాయనమ్మ కునుకు తీస్తోంది, అక్క ఎక్కడుందో తెలియదు. పీట వేసుకుని, గోలెంలో భుజం దాకా చెయ్యి దూర్చి, ఎర్ర గుడ్డ మూట పైకి లాగాను. కాయ చిత్రంగా అనుకున్నంత పెద్దగా లేదు. దాన్ని గడ్డివాము వెనక్కి తీసుకుపోయి, గుజ్జంతా గబగబా మింగి, అసలు పని మొదలుపెట్టాను. గోరుతో గీకాను, పళ్ళతో గీకాను, పెంకుతో గీకాను. ఇసుకలాంటి పలుకులు తప్ప ఏమీ రాలేదు. దొంగతనంగా తింటే ఆ రుచి రాదేమో, లేదా మీసాలొస్తేగాని నాలుకకు తెలియదేమో అనుకున్నాను. గింజలు గోడ మొదట్లో పాతిపెట్టాను. ఖాళీ గుడ్డ పెడితే దొరికిపోతానని అంతే ఉన్న ఒక గుండ్రాయిని చుట్టి గోలెంలో దించి వచ్చాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

రెండు రోజుల తర్వాత బాపు అరుగు మీద కూర్చుని మూట విప్పాడు. పొద్దంతా రాళ్ళు కొట్టి వచ్చిన మనిషి చేతిలో రాయి. నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. అక్క ముఖం సున్నం కొట్టినట్టు అయిపోయింది. బాపు ఆ రాయిని అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఇది మాగనీకి ఇంకా టైమ్ పడ్తదే అమ్మా" అని నాయనమ్మకు తిరిగిచ్చాడు. తర్వాత విచారణ జరిగింది. అక్కా నేనూ ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. సత్తు గిన్నెలో గింజలు లేవు కాబట్టి కేసు నిలబడలేదు.

కేసు మళ్ళీ తెరిచింది తర్వాతి వానాకాలం. అక్క గిన్నెలు తోమే చోట, నీళ్ళు పారే కాలువ పక్కన, ముప్పై నలభై సీతాఫలం మొలకలు ఒకే గుత్తిగా లేచాయి. నాయనమ్మ వాటి ముందు చాలాసేపు గొంతుక్కూర్చుంది. నా గింజలు గోడ దగ్గర పాతాను కదా, ఇక్కడికెలా వచ్చాయా అని నేను బిత్తరపోయాను. వానకు కొట్టుకొచ్చాయి కాబోలనుకున్నాను. నేరం అక్క మీద పడింది. ఆశ్చర్యమేమిటంటే అక్క కాదని అనలేదు. తల వంచుకుని నిలబడింది. తమ్ముణ్ణి కాపాడటానికి అక్క నిందను మోస్తోందని నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. వచ్చాయేగాని నోరు రాలేదు. శిక్షగా ఆ ఏడాది ఆమెను బండల మీదికి తీసుకుపోలేదు. నేను మాత్రం బాపు భుజాల మీదే వెళ్ళాను. అక్కకప్పుడు పద్నాలుగు దాటాయి. ఆ తర్వాతి ఎండాకాలంలో పెళ్ళి చేసి పంపించారు. అంటే బాపుతో బండలెక్కే ఆఖరి అవకాశం ఆమెకు నా వల్ల పోయింది. యాభై ఏళ్ళకు పైగా ఈ ఒక్క సంగతి నా గొంతులో ఉంది. ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. ఆమె ముఖం చూడగానే ఇంకోసారి చూద్దాంలే అనుకునేవాణ్ణి.

మేధకు నేను చెప్పిన కథలో దొంగ ఎవరో తెలియదు. అలాగే ముగించాలనుకున్నాను. కాని చెప్పేవాడికి ఊపొస్తే నోరు ఆగదు కదా, గడ్డివాము వెనక తొక్క గీకడం దాకా అభినయంతో సహా చెప్పేశాను. అది కాసేపు ఆలోచించి, "దొంగ ఎవరో తెలీనప్పుడు గడ్డివాము వెనక ఏం చేశాడో నీకెలా తెలుసు తాతా?" అంది. బడిలో ఇంత తెలివైన పిల్ల ముప్పై ఏళ్ళలో నాకు ఒక్కతి కూడా తగల్లేదు. చందానగర్ అమ్మమ్మకు చెప్పొద్దని బతిమాలాను. చెప్పను, కాని నేనడిగింది చేయాలి అంది. చందానగర్ అమ్మమ్మంటే మా అక్కే.

ఆ వారం నేను పడిన పరేషాన్ ఇంతా అంతా కాదు. ఆన్‌లైన్ అబాకస్ క్లాసులో కెమెరా పాడైందని నేనే చెప్పాల్సి వచ్చింది. లిఫ్టులో ప్రతి అంతస్తుకూ ఆగి, తలుపు తెరుచుకోగానే ఇద్దరం సెల్యూట్ కొట్టాల్సి వచ్చింది. ఆరో అంతస్తులో మా అసోసియేషన్ సెక్రటరీ నిలబడి ఉన్నాడు, ఆయనా తిరిగి సెల్యూట్ కొట్టాడు. హాస్టళ్ళ సందులో నిలబడి మిరపకాయ బజ్జీలు తిన్నాం, ఇంటికొచ్చి ఆకలి లేదని చెప్పాం. ఒక సాయంత్రం మా వెనక రోడ్డులో రెండు ఆఫీసుల మధ్య పగలగొట్టకుండా వదిలేసిన బండ ఎక్కించింది. నా మోకాళ్ళ సంగతి దానికి పట్టలేదు. పైన ఒక సీతాఫలం పొద ఉంది, దానికి ఒకే ఒక్క కాయ. తెంపబోయి, నా వైపు చూసి, కండ్లు తెరవలేదు కదా తాతా అని వదిలేసింది. దిగేటప్పుడు అలిసిపోయానంది. అలసట అబద్ధమని నాకు తెలుసు. భుజాల మీద ఎక్కించుకోలేకపోయాను గాని వీపు మీద మోసుకొచ్చాను. బెదిరించి చేయించుకున్న ఈ పనుల్లో దేనికీ ఫొటో లేదు, ఫ్రిజ్ మీద గడీ లేదు. నిజం చెప్పాలంటే ఇన్నేళ్ళలో ఇంత హాయిగా నేనెప్పుడూ లొంగిపోలేదు.

శనివారం మాత్రం హద్దు దాటింది. లెక్కల పరీక్షలో తక్కువ వచ్చిన కాగితం తెచ్చి, నాన్న బదులు నన్ను సంతకం చేయమంది. ముప్పై ఏళ్ళు అలాంటి దొంగ సంతకాలు పట్టుకున్నవాణ్ణి, నావల్ల కాదన్నాను. అయితే రేపు ఫ్యామిలీ టైమ్‌లో చెప్పేస్తానంది. దాని ముఖం చూస్తే చెప్పేలాగే ఉంది. అది చెప్పేకంటే ముందు నేనే చెప్పాలని అప్పుడు నిర్ణయించుకున్నాను. యాభై ఏళ్ళుగా లేని ధైర్యం మూడో తరగతి పిల్ల ఇచ్చింది.

ఆదివారం ఐదింటికి స్వాతి అందరికీ తలా ఒక గిన్నె, తలా ఒక పండు, తలా ఒక స్పూను పెట్టింది. మావాడు ఫోను పక్కన పెట్టాడు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి పండు వాళ్ళదే, ఎవరూ ఎవరి చేతికేసీ చూడక్కర్లేదు. అక్క తన పండు విప్పుతుంటే నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. గోలెం, గుండ్రాయి, గోడ మొదట్లో గింజలు, నోరు మూసుకుని బాపు భుజాలెక్కడం, అన్నీ. అక్క చేతిలో పండు అలాగే ఉండిపోయింది.

"ఆ బండ పెట్టింది నువ్వారా?" అంది.

నేనే అన్నాను. ఆమె నన్ను చూసిన చూపులో నేననుకున్న బాధ లేదు.

"బాపు కాయ నేను తిన్న తమ్మీ. నీకంటె ముందుగాల్నే తిన్న. గింజలు కాల్వ పొంటి పాతిన. గుడ్డల ఇంకో కాయ చుట్టి పెట్టిన. బాపు ఇప్పంగనే బండెల్లింది. దొంగతనం చేసినందుకు దేవుడు కాయను బండ చేసిండనుకున్న. గప్పటి సంది శనివారం ఒక్కపొద్దుంటున్న."

మావాడు మొదట నవ్వాడు. తర్వాత స్వాతి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "యాభై ఏండ్ల సంది నన్ను ఉపాసం పండవెట్టినవు గదరా" అని అక్క నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ దెబ్బతో గొంతులో ఉన్నది దిగిపోయింది. అందరూ నేరాలు ఒప్పుకునే వేళ బాగుందనుకుందో ఏమో, మేధ ఆ సందట్లో లెక్కల కాగితం తెచ్చి తల్లి ముందు పెట్టింది. ఇలాంటప్పుడు తిట్టలేనని తెలిసే తెచ్చావు కదా అని స్వాతి సంతకం చేసింది. ఆ కాగితం మీద ఇప్పటికీ గుజ్జు మరక ఉంది.

నవ్వులు తగ్గాక అక్కను నేను అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలింది. నేను తిన్నది బాపు కాయ కాదు. ఆమె తిన్నదే అసలైనది. ఆ తొక్క ఎలా ఉందని అడిగాను. ఆమె కూడా దానికోసమే దొంగిలించిందట. "శానా గీకిన. ఏం లేకుండె. దొంగ నోటికి రాదేమో అనుకున్న" అంది. మేధ తన గిన్నెలోంచి ఖాళీ తొక్క తీసి, స్పూను పక్కన పెట్టి, గోరుతో శ్రద్ధగా గీకి నాకింది. ముఖం చిట్లించింది.

"ఇందులో ఏం లేదు తాతా. ఇసుకలా ఉంది. మీ బాపు అబద్ధం చెప్పాడు."

అక్కా నేనూ ఒకరినొకరం చూసుకున్నాం. అంత పెద్ద కాయల్లోంచి బాపు ఒక్క తొన నోట్లో వేసుకోవడం ఎప్పుడైనా చూశామా అని గుర్తుచేసుకున్నాను. అక్కకొకటి, నాకొకటి, మళ్ళీ అక్కకు, మళ్ళీ నాకు. ఆయనకంటూ ఒక వంతు ఉన్నట్టు నాకు గుర్తు లేదు. ఆయన మాకు వీపు పెట్టి ఎందుకు కూర్చునేవాడో ఇద్దరు బిడ్డల్ని పెంచి, మనవరాలిని ఆడించి, ఈ వయసుకు వచ్చాక తెలిసింది. ఇంట్లో దొంగను పట్టుకోవడానికి నాయనమ్మ అంత పాటుపడింది. ఆ అరుగు మీద అందరికంటే పెద్ద అబద్ధాలకోరు కూర్చుని ఉన్నాడని ఎవరికీ తట్టలేదు. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇగ శనివారం నుంచి అన్నం తింటానని స్వాతితో చెప్పింది.

మేధ పండు అయిపోయింది. నా గిన్నెలోది ఇంకా సగానికి పైగా ఉంది. అది దానికేసి చూడనట్టు చూస్తోంది. నేను నా చిప్పలోని గుజ్జంతా ఒక్కొక్క తొనగా దాని గిన్నెలో వేసి, ఖాళీ తొక్క తీసుకుని కాస్త పక్కకు తిరిగి కూర్చున్నాను. బొటనవేలి గోరుతో గీకి, లొట్ట వేశాను. అసలు మజా ఇందులోనే ఉంటుంది, నీకిప్పుడే తెలియదు అన్నాను. మేధ నా ముఖం చాలాసేపు చూసింది. అబద్ధమని దానికి తెలుసు. అయినా తొనలు తినడం మొదలుపెట్టింది.